జడ్జిగారి భర్త

"ఇదేంటండీ?" పేపర్‌ని భర్త ముందు పరిచింది రాజ్యశ్రీ.

జిల్లా పేజీలో ఫొటో. జగ్గయ్యపేట సభలో పార్టీ నాయకుడు భవానీప్రసాద్ చేత కండువా కప్పించుకుంటూ కిషోర్‌బాబు. పైన పెద్దక్షరాల్లో, 'పార్టీలో చేరిన నందిగామ జడ్జిగారి భర్త'.

"చేరా. తప్పా?" కాఫీ గ్లాసు దించకుండానే అన్నాడు కిషోర్‌బాబు. "జడ్జివి నువ్వు. నేను కాదుగా."

"రేపు నేను తీర్పు చెప్పాల్సింది ఆ భవానీప్రసాద్ కేసులోనే అని తెలీదా మీకు?"

"అయితే చెప్పు. ఎవరొద్దన్నారు?"

కంచికచర్ల దగ్గర హైవే పక్కనున్న తన రెండెకరాలూ భవానీప్రసాద్ ఆక్రమించాడని జ్ఞానయ్య అనే రైతు వేసిన దావా అది. ఆరేళ్లుగా నడుస్తోంది. ఇంట్లో కూర్చుని ఆమె తీర్పు రాయడం వారం క్రితమే పూర్తయింది. సంతకం ఒక్కటే తక్కువ.

"ఆయన వైపు చెబితే మొగుడి కోసం అంటారు. కాదంటే, నిప్పులాంటిదాన్నని చూపించుకోడానికి అంటారు. ఇవాళే రాజీనామా చేసి పేపర్‌వాళ్లకి చెప్పండి. మీ కాళ్లు పట్టుకుంటా."

"కుదరదు రాజ్యం. పన్నెండేళ్లుగా నీ ట్రాన్స్‌ఫర్ల వెంట సామాన్లు మోస్తూ తిరిగా. నాకూ ఓ గుర్తింపు ఉండొద్దూ?"

రాజ్యశ్రీ పేపర్ మడిచి పక్కన పెట్టింది.

మర్నాడు, సోమవారం, కోర్టులో కేసు పిలిచారు.

"మా కుటుంబంలో ఒకరు ప్రతివాది పార్టీలో చేరారు. అందుకని ఈ కేసు నుంచి తప్పుకుంటున్నాను. వేరే కోర్టుకి మార్చమని జిల్లా జడ్జిగారికి రాస్తాను." ఫైలు మూసింది రాజ్యశ్రీ.

వెనక బెంచీలోంచి జ్ఞానయ్య లేచి చేతులు జోడించాడు. "అంటే మళ్లీ మొదటికేనా అమ్మా? అప్పటిదాకా నేనుంటానో లేదో."

ఆమె తలెత్తలేకపోయింది. తర్వాతి కేసు పిలవమంది.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికి నడుస్తూ మనసు సర్దుకుంది. పాపం, ఆయన మాత్రం ఇన్నాళ్లూ నోరు తెరిచి ఏం అడిగాడు గనక? పోట్లాట ఇక్కడితో ఆపేద్దామనుకుంటూ చెప్పులు విప్పింది.

లోపల కిషోర్‌బాబు కిటికీ వైపు తిరిగి ఫోన్‌లో నవ్వుతున్నాడు.

"తప్పుకుంది ప్రసాదన్నా, చెప్పాగా తప్పుకుంటుందని! పదవా? అబ్బే, నాకీ రాజకీయాలెందుకన్నా? నా వాటా నాకిస్తే చాలు. ఆ ముసలాయనకే భూమి దక్కేలా తీర్పు రాసిందని కళ్లారా చూశాకేగా, నేను మీ పార్టీలో చేరింది!"