పదిహేడో నంబరు కుర్చీ

"పదిహేడో నంబరు కుర్చీ అమ్మం" అని నున్‌జియా టికెట్ల కిటికీలోంచి తెగేసి చెప్పింది. చెప్పడమే కాదు, ఇటలీవాళ్లకి అచ్చిరాని ఆ పాడు అంకె నోటితో పలికినందుకు, కీడు తగలకుండా మెడలో వేసుకున్న ఎర్రకొమ్ము బిళ్లని గట్టిగా పట్టుకుంది కూడా.

"అమ్మనిదాన్ని అక్కడెందుకు వేశారమ్మాయ్, మొక్కుకోడానికా?" అన్నాడు కలోజెరో.

డెబ్బై నాలుగేళ్ల మనిషి. సిసిలీ నుంచి రాత్రంతా ఓడలో కూర్చుని పొద్దున్నే నేపుల్స్‌లో దిగాడు. ఒంటిమీద ఇత్తడి గుండీల నల్లకోటు, భుజానికి గుడ్డసంచి. ఇవాళ్టి ఆటకి ఈ పాత ఒపేరా హాల్లో ఆ కుర్చీలోనే కూర్చోవాలి. ఇంకోటంటే కుదరదు.

నున్‌జియా హాలు పటాన్ని అద్దానికి ఆనించి వేలు పెట్టింది. "ఇటు చూడు బాబాయ్. స్టేజీకి అతుక్కుని పైనున్న బాక్సు, చిన్న గదిలాంటిది. అందులో చిట్టచివరి కుర్చీ నువ్వడిగేది. ముందు ఇంత లావు స్తంభం. హీరో కనపడడు, హీరోయిన్ కనపడదు. చంపేవాడు కనపడడు, చచ్చేవాడూ కనపడడు."

"వాళ్లతో నాకేం పని?"

"మరి ఒపేరాకి ఎందుకొచ్చావు, చలికాచుకోడానికా?"

వరసలో వెనకున్న దొన్ ఎర్మినియో గొంతు సవరించుకున్నాడు. ముప్పై ఏళ్లుగా ఈ హాల్లో ఒక్క ఆట వదలని పెద్దమనిషి. "అయ్యా, తమరు కుర్చీ కొంటున్నారా, అమ్మాయికి సంబంధం చూస్తున్నారా? మాకూ టికెట్లు కావాలి."

"రెండూ చూసే తీసుకోవాలి, లేకపోతే నడుంనొప్పే" అన్నాడు కలోజెరో, వెనక్కి కూడా తిరక్కుండా.

నున్‌జియా బేరం మార్చింది. "మూడో అంతస్తులో బంగారంలాంటి సీటుంది. ముసలివాళ్లకి సగం ధరే."

"వద్దు."

"కింద రెండో వరస! ఎవరో ఇప్పుడే వెనక్కిచ్చారు. పాడేవాడి ఉమ్మి మీద పడేంత దగ్గర."

"వాడి ఉమ్మి వాణ్ణే ఉంచుకోమను. నాకు పదిహేడు."

"ఆ మాటనకు!" మళ్లీ కొమ్ము పట్టుకుంది. "పోయినేడు ఒకాయన నీలాగే మొండికేసి అందులో కూర్చున్నాడు. మర్నాడు మెట్లమీంచి పడి కాలు విరిగింది."

"దరిద్రం నన్ను పట్టుకోదులే. ఆ పూచీ నాది."

ఒంటిగంట కొట్టారు. నున్‌జియా భోజనాల వేళయిందంటూ కిటికీ రేకు కిందకి లాగింది. రేకు సగంలో ఆగిపోయింది. కలోజెరో అప్పటికే తన గుడ్డసంచి తీసి దాని కింద పెట్టేశాడు. గుప్పున వాసన.

"ఏముందిందులో?"

"మా పెరట్లో నిమ్మకాయలు. మా గస్పారె కోసం తెచ్చా."

"గస్పారె ఎవడు?"

"ఇక్కడ మీ వాద్యాల్లో ట్రంపెట్ ఊదేవాడు. నా శిష్యుడే. మా ఊరి బ్యాండులో బూర ఎలా పట్టుకోవాలో నేనే నేర్పా. ఇవాళ రెండో అంకంలో మిగతావాళ్లంతా ఆపేస్తే వాడొక్కడే ఊదుతాడంట, మొదటిసారి. పొద్దున హాలు చూపించే టూరులో దూరి, ఒక్కో కుర్చీలో కూర్చుని చూసుకున్నా. ఆ పదిహేడులో కూర్చుంటే స్టేజీ కనపడదు, నిజమే. కానీ కింద వాద్యాలవాళ్ల గోతిలో వాడి కుర్చీ సరిగ్గా ఎదురు."

దొన్ ఎర్మినియో టోపీ తీశాడు. "వాడికి తెలుసా మీరొచ్చినట్టు?"

"తెలిస్తే ఇంకేం బావుంటుందండీ!" కలోజెరో కోటు గుండీ తడుముకున్నాడు. "పోయిన పండగకి మా ఊరి పునీతుడి విగ్రహం గుడి గుమ్మం దాటుతుంటే నేనొక్కణ్ణే వాయించాలి. అదే నా ఆఖరి వాయింపు. ఊరు ఊరంతా చూస్తోంది. ఈ గస్పారె ముందు వరసలో నా ఎదురుగా నించున్నాడు. నేను బూర ఎత్తిన దగ్గర్నుంచీ నా మొహం మీంచి చూపు తిప్పలేదు. అంతే, ఇక నా వల్ల కాలేదు. ఒక్క స్వరం పలికితే ఒట్టు."

"ఏడుపొచ్చేసి ఉంటుంది" అంది నున్‌జియా. ఆమెకే వచ్చేసింది.

"ఆ రోజు వాడు నాకు చేసింది చచ్చేదాకా మర్చిపోనమ్మాయ్. ఇవాళ వాడి ఎదురుగా కూర్చుని నేనూ వాడికి అదే చెయ్యాలి."

"ఇంకా చూస్తావేంటే తల్లీ, ఇచ్చెయ్!" అని వరసలో నలుగురైదుగురు ఒక్కసారే అరిచారు. నున్‌జియా కొమ్ముని ముద్దు పెట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, పదిహేడు కొట్టి టికెట్ చేతిలో పెట్టింది.

దొన్ ఎర్మినియో ముక్కు చీదుకుని జేబులోంచి చిన్న దుర్భిణి తీసిచ్చాడు. "ఉంచండి. మీ వాడు దగ్గరగా కనపడతాడు."

"వద్దండీ" అన్నాడు కలోజెరో, టికెట్ మడిచి లోజేబులో దోపుకుంటూ. "నాకు వాడు కనపడటం కాదు, వాడికి నేను కనపడాలి."

రెండో అంకం. మిగతా వాద్యాలన్నీ ఆగాయి. స్టేజీ దీపం వెలుతురు స్తంభం పక్కనుంచి జారి సరిగ్గా పదిహేడో కుర్చీ మీద పడుతోంది. కింద గస్పారె లేచి నిలబడి, ట్రంపెట్ పెదాలకి ఆనించి, తలెత్తాడు. గురువుగారు! వాడి మొహం వెలిగిపోయింది. గురువుగారూ ప్రేమగా నవ్వి, ఒళ్లో రుమాలు మడత విప్పి, కోసిపెట్టుకున్న నిమ్మచెక్క తీసి, పోయిన పండగనాడు వాడు తన ఎదుట నించుని, తనకి నోరూరి బూర పలక్కుండా చప్పరించినట్టే, బుగ్గలు లోపలికి లాగి జుర్రుమని చప్పరించాడు.