గట్టిమేళం

"నాకు వినపడి తీరాలి. వినపడకపోతే సంతకం పెట్టను" అంది మార్గరెట్. ఇక్కడి చట్టం ప్రకారం పెళ్లి జరిపించడానికి వచ్చిన సెలబ్రెంట్ ఆవిడ. వధూవరులు తన ముందు నోరు విప్పి ఒప్పుకుంటేనే ఆ తర్వాత తాళి.

"అలాగేనమ్మా" అన్నాడు పెళ్లికూతురి తండ్రి రాజారావు. ఆ వెంటనే గబగబా ఆక్లండ్ మౌంట్ రాస్కిల్ హాల్లో ఓ మూల డోలు బిగించుకుంటున్న నారాయణ దగ్గరికి వెళ్లాడు.

"ఆవిడ అడగడం మొదలుపెట్టగానే వేలు ఊపుతాను. గట్టిమేళం అందుకో."

"అదేంటండీ? తాళి కట్టేటప్పుడు కదా?"

"చెప్పింది చెయ్యవయ్యా బాబూ."

రాజారావు కాలు ఒకచోట నిలవడం లేదు. పొద్దున పూలజడ వేయించుకుంటూ ప్రణీత, "నాన్నా, మీతో మాట్లాడాలి. ఈ పెళ్లి గురించే" అంది. పీటల మీద కూర్చునే వేళ ఇంకేం మాటలమ్మా అని తప్పించుకు వచ్చేశాడు. ఆక్లండ్ తెలుగువాళ్లందరి ముందు పిల్ల "నో" అంటే? పరువు గంగలో కలిసినట్టే.

వెనకే వచ్చిన మార్గరెట్ అడిగింది. "గట్టిమేళం అంటే?"

రాజారావు ఉలిక్కిపడ్డాడు. "మేళమంటే కలవడమండీ. సన్నాయి, డోలు, తాళం అన్నీ కలిసి ఒక్కసారిగా మోగాలి. ఎంత గట్టిగా మోగితే అంత శుభం."

"ఎందుకలా?"

"శుభఘడియలో తుమ్మో, ఏడుపో, కానిమాటో ఎవరి చెవినా పడకూడదని" అన్నాడు. 

ముహూర్తం దగ్గరపడింది. మార్గరెట్ ప్రణీత వైపు, పెళ్లికొడుకు హర్ష వైపు తిరిగి ప్రశ్న మొదలుపెట్టింది. రాజారావు వేలు ఊపాడు. హాలు దద్దరిల్లింది. మేళం విన్నదే తరువాయి, జనం అలవాటు కొద్దీ అక్షింతలు చల్లేశారు. ముందు హర్ష, తర్వాత ప్రణీత పెదవులు కదిలాయి. ఏమందో ఆ దేవుడికే తెలియాలి.

మార్గరెట్ రెండు చేతులూ పైకెత్తి మేళం ఆపించింది. "ఒక్క ముక్క వినపడలేదు. మళ్లీ చెప్పాలి."

 కూతురి చెంపల మీద కన్నీళ్లు చూశాడు రాజారావు. పరువూ లేదు, గిరువూ లేదు అనుకుని పీటల దగ్గరికి పరిగెత్తాడు.

"అమ్మా, నీ మాట వినపడకుండా చేసింది నేనే. నీకిష్టం లేకపోతే ఇప్పుడే ఆపేద్దాం. నన్ను క్షమించు తల్లీ."

ప్రణీత కళ్లు తుడుచుకుంది.

"నేను ఒప్పుకున్నాను నాన్నా. వద్దన్నది హర్ష."