నలభై ఏళ్లు చూపించే అద్దం

ఇప్పుడు తెనాలిలో ఏ సెలూన్‌కి వెళ్లినా గోడకి ముందుచూపు అద్దం ఉంటుంది. ఎదురుగా కూర్చుంటే నలభయ్యో ఏట మన తల ఎలా ఉంటుందో చూపిస్తుంది. పెళ్లివారు జాతకంతోపాటు ఆ అద్దంలో తీసిన ఫొటో కూడా అడుగుతున్నారు.

పాతికేళ్ల హేమాద్రి అందుకే పోలయ్య సెలూన్‌కి వచ్చాడు. అద్దంలో నిగనిగలాడే బట్టతల, దాని కింద దిగాలు మొహం కనిపించాయి.

"అంతా మా మేనమామ పోలిక, బాబాయ్. హెల్మెట్ మానేశాను, ఉల్లిరసం రాశాను. ఏం లాభం?"

పోలయ్య నవ్వాడు. "హెల్మెట్ తలకాయని కాపాడుద్ది, జుట్టు జోలికి రాదు. మేనమామనొక్కణ్ణే అనమాక. మీ నాన్న నెత్తి మీద నా దువ్వెనకి పని లేక పదేళ్లయింది."

"ఫొటోలో కాస్త జుట్టు పెంచుతావా?"

"జుట్టు సంగతి అద్దం చూసుకుంటది. ఆ ఏడుపు మొహం మటుకు నువ్వు తెచ్చిందే."

హేమాద్రికి నవ్వాగలేదు. అద్దంలోని బట్టతలాయనా నవ్వాడు. ఫర్వాలేదు, పెద్దమనిషిలా ఉన్నాడు. ఆ నవ్వుతోనే ఫొటో తీయించి, ఆదివారం చూడబోయే వైదేహికి పంపాడు.

కాసేపటికి ఆమె కూడా తన అద్దం ఫొటో పంపింది. జుట్టు సగం నెరిసింది, పాపిట రెండు వేళ్ల వెడల్పుంది, మొహం నిండా నవ్వుంది. కింద రాసింది: "జుట్టు గురించి మా ఇంట్లో ఎవరూ అడగలేదండీ. అబ్బాయి హెల్మెట్ పెట్టుకుంటాడా అన్నదే నాన్నగారి దిగులు."

హేమాద్రి ఇంటికెళ్లి, అటక మీది హెల్మెట్ దించి దుమ్ము దులిపాడు.