చూపుకు అడ్డమొచ్చిన తాటిచెట్టు

గుండె జబ్బున్నవాళ్ల గుండెలను ఇప్పుడు పట్నం డాక్టరే కూర్చున్నచోటి నుంచి నడిపిస్తున్నాడు. డాబా మీది యాంటెన్నా గొడుగుకు ఇరవై మైళ్ల అవతలి గుట్ట మీది టవరు కనబడుతుంటే చాలు. కొమురమ్మ డాబాకూ ఆ గుట్టకూ నడుమ నర్సాగౌడు కల్లు గీసే తాటిచెట్టు ఎదిగి అడ్డమొచ్చింది. గాలికి మట్టలు ఊగినప్పుడల్లా ఆమె పెనిమిటి గుండె తడబడుతోంది.

“మట్టలు కొట్టరాదు, తమ్మీ,” అంది కొమురమ్మ.

“మట్టలు మళ్లా వస్తయక్కా. నెత్తి మీది మొవ్వే కొట్టాలె.”

“మొవ్వు కొడితే చెట్టు సస్తది గద.”

“సస్తది. బావ బతుకుతడు.”

నర్సాగౌడు మోకు బిగించి ఎక్కాడు. మట్టలతో సహా మొవ్వు నేల మీద పడ్డాక ఇంట్లో మంచం మీది మనిషికి ఊపిరి కుదుటపడింది.

“ఇగ కల్లుకు ఎవని చెట్టు కాడికి పోదుంరా?” అన్నాడతను లోపలి నుంచి, మెల్లగా.

రోజూ ఎక్కే ముందు చెట్టుకు మొక్కే నర్సాగౌడు, ఆ పొద్దు దిగాక మొక్కాడు.