నవ్వు హక్కుదారు

మళ్ళీ కాలింగ్ బెల్ మోగింది.

"పన్నెండో మనిషి," అంది వదిన, కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండా.

టైము మూడుంబావు. నాలుగింటికి వాళ్ళ చానెల్ మూతపడబోతోంది.

ఆ ఇంటి ముందుగదే వాళ్ళ స్టూడియో. గోడలకు దుప్పట్లు, మధ్యలో మైకు. మరిది మాట్లాడతాడు, వదిన ఎడిట్ చేస్తుంది. కొత్త ఫోన్లు, కొత్త యాప్‌లు, వాటి గొప్పల మీద అతను విసిరే మాటలకు ఆరు లక్షలమంది అలవాటు పడ్డారు. ఆఖరికి అతని పేరే వెటకారం అయిపోయింది.

అన్న మంచం పట్టాక ఇల్లు నడుస్తున్నది దానిమీదే.

ప్రతి జోకు తర్వాత ఒక ఆడమనిషి నవ్వు వినిపిస్తుంది. ఆపుకోబోయి ఆపుకోలేక, పొంగి పొర్లే నవ్వు. జోకు పేలకపోయినా ఆ నవ్వు పేలేది. వదిన పాత సామాన్ల దుకాణంలో కొన్న టేప్ రికార్డర్లో దొరికిందది. క్యాసెట్ మొత్తం మీద ఆ నవ్వు తప్ప ఇంకేం లేదు.

ఇప్పుడు ఒక రింగ్‌టోన్ల కంపెనీ "ఆ నవ్వు మాది" అంది. షోలోంచే ఎత్తుకుని తన పేర రాయించుకుంది. చానెల్ మీద ఇదివరకే రెండు కాపీరైటు ఫిర్యాదులున్నాయి. మూడోది పడితే ఆరేళ్ళ వీడియోలూ గల్లంతే. నవ్విన మనిషి సంతకం, తగిన ఆధారం నాలుగింటిలోగా పంపితేనే గట్టెక్కుతారు.

పోయిన నెలే అతను కాపీరైటు మీద అరగంట జోకులేశాడు. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టయింది.

"ఆ నవ్వు మీదైతే రండి" అని నిన్న షోలో అడ్రసు, ఫోన్ నంబరు చెప్పాడు. పొద్దుటి నుంచీ పదకొండు మంది వచ్చారు. ఒకాయన ఏకంగా అత్తగారిని వెంటబెట్టుకొచ్చాడు.

"ఈవిడ నవ్వు అచ్చం ఇలాగే ఉండేదండీ. మా పెళ్ళయ్యాకే వినపడ్డం మానేసింది."

అందరిదీ ఒకటే ప్రశ్న: "మాకేమిస్తారు?"

అతను విసురుగా తలుపు తీశాడు.

అరవై దాటిన ఆవిడ. మెడకు చుట్టుకున్న శాలువా, చంకలో గుడ్డసంచి. మెట్లెక్కిన ఆయాసం.

"ఆ నవ్వు... నాది బాబూ," అంది. గొంతు పెగల్లేదు. గాలే మాటలా వచ్చింది.

"జలుబా?" అన్నాడు.

ఆవిడ తల అడ్డంగా ఊపి ఏదో చెప్పబోయింది.

"చూడండమ్మా, నాకు టైము లేదు. పొద్దుటి నుంచీ ఇదే మాట వింటున్నాను. ఒక్కసారి నవ్వండి. అదే నవ్వయితే మీ కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకుంటాను."

ఆవిడ సంచిలో చెయ్యి పెట్టింది.

"సంచి కాదు, నవ్వు! నవ్వండి!"

"కాస్త నిదానంగా అడగవయ్యా," అంది వదిన.

"మూడు ఇరవై అయిదు వదినా! నిదానం ఎక్కడిది?"

ఆవిడ అతని వైపు చూసింది. ఊపిరి పీల్చుకుని నోరు తెరిచింది. భుజాలు కదిలాయి. కళ్ళు చిన్నవయ్యాయి. శబ్దం మాత్రం రాలేదు. బుస్సుమని గాలి వచ్చిందంతే.

"ఇది నవ్వా? సైకిల్ ట్యూబుకి పంక్చరు పడ్డట్టుంది!"

అలవాటైన నోరు. అనేశాక అతనికే చివుక్కుమంది.

కానీ ఆవిడ ముఖంలో కోపం లేదు. పైగా నిజంగానే నవ్వొచ్చినట్టు పెదాలు విచ్చుకున్నాయి.

"బాగా... అన్నావు," అని గాలితోనే అంది.

"సంతోషం. ఇక వెళ్ళండమ్మా, మీకు పుణ్యముంటుంది."

ఆవిడ ఇంకో మాట కోసం ఊపిరి కూడదీసుకునే లోపు అతను తలుపు మూసేశాడు. అవతల ఆవిడ కాసేపు అక్కడే నిలబడి ఉంది. తర్వాత ఒక్కో మెట్టూ దిగుతున్న అడుగుల చప్పుడు.

"ఆ సంచిలో ఏముందో చూడాల్సింది," అంది వదిన.

"ఏముంటుంది? ఇంకో క్యాసెట్ ఉంటుంది. దగ్గులది."

వదిన నవ్వలేదు.

తెలిసిన లాయరుకు చేస్తే ఫోనెత్తలేదు. పదమూడో మనిషి రాలేదు. నాలుగయింది. వదిన చానెల్ పేజీ మరోసారి తెరిచింది. తెల్లటి తెర మీద ఒక్క వాక్యం: ఈ చానెల్ ఇక లేదు.

లోపల్నుంచి అన్న అడిగాడు, "ఏమైందిరా?" వదిన కంప్యూటర్ ఆపేసింది.

నాలుగున్నరకి ఫోన్ మోగింది. వదిన స్పీకర్ పెట్టింది. ఎవరో అమ్మాయి గొంతు.

"మా అమ్మ మీ దగ్గరికి వచ్చిందా అండీ? మెడకు శాలువా చుట్టుకుని, చేతిలో సంచితో. ఇంకా ఇల్లు చేరలేదు."

"వచ్చారు. వెళ్ళిపోయారు," అన్నాడు అతను.

"మరి సంతకం పెట్టిందా? ఆ రికార్డరు కొన్న రసీదు, ఆస్పత్రి కాగితాలు అన్నీ సంచిలో సర్ది పంపాను. ఇల్లు మారినప్పుడు పొరపాటున పాత సామాన్లలో అమ్మేశామండీ దాన్ని. మళ్ళీ ఆ నవ్వు మీ షోలో వినపడేసరికి అమ్మ ఎంత మురిసిపోయిందో! రోజూ వింటుంది. 'నాకేమీ వద్దే, ఆ నవ్వు వాళ్ళకే రాసిచ్చేస్తాను' అని బయల్దేరింది."

అతను ఫోన్ దగ్గరికి వంగాడు.

"నేను... నవ్వి చూపించమన్నాను," అన్నాడు.



"ఎలా నవ్వుతుందండీ? గొంతు ఆపరేషన్‌కి ముందురోజు మా నాన్న నవ్వించి నవ్వించి రికార్డు చేసుకున్నారు... మా అమ్మ నవ్విన ఆఖరి నవ్వు అదే."