సూది పరీక్ష

బర్మింగ్‌హామ్ కాలువకి ఇవతల టాండీ కార్ఖానా, అవతల గార్నెట్‌ది.

ఐదేళ్ళుగా ఇద్దరిదీ ఒకటే పంతం. పశువు కొమ్ముతో పని లేకుండా దువ్వెన చెయ్యాలి. సోమవారం లండన్‌లో ప్రదర్శన. ఇద్దరి దువ్వెనలూ ఆరేసరికి వంకర తిరిగిపోతున్నాయి.

శుక్రవారం మధ్యాహ్నం, ముతక శాలువా కప్పుకున్న ఒకావిడ టాండీ బల్ల మీద ఒక దువ్వెన పెట్టింది.

"కొమ్ము లేకుండా చేశానండీ. ఆమ్లంలో నానేసిన దూది, కర్పూరం, అంతే."

"ఎక్కడ చేశావు?"

"మా వంటింట్లో."

టాండీ పగలబడి నవ్వాడు. పెద్దమనిషి కదా, కుర్చీ మాత్రం చూపించలేదు.

"విన్నావా సైలస్? మనం ఇన్ని తొట్లు పెట్టుకుని గింజుకుంటుంటే ఈవిడగారు పొయ్యి మీద వండేసిందట."

మేస్త్రీ సైలస్ తల దించుకున్నాడు.

"నేను హెస్టర్ మోల్‌నండీ. మా ఆయన మీ తొట్టి దగ్గర మంటల్లో పోయాడు. ఆయన మొదలెట్టిన పని నేను పూర్తిచేశాను. దీనికి ఆయన పేరు పెడితే చాలు."

"పోయినవాళ్ళందరి పేర్లూ పెట్టుకుంటూ కూర్చోనా?"

దువ్వెన వంచాడు. విరగలేదు. వెలుతురుకి పెట్టి చూశాడు.

"ముప్పై ఏళ్ళు కొమ్ము కోసిన చేతులివి. ఇది అచ్చమైన ఎద్దు కొమ్ము. సంతలో కొనుక్కొచ్చి నాకే టోకరా వేద్దామనా?"

"సూది కాల్చి గుచ్చి చూడండి. కొమ్మయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది."

"నా పని నాకే నేర్పుతావా? సూది పరీక్ష గుడ్డివాళ్ళకి. పో, ఆ గార్నెట్‌కి చెప్పుకో. తలకాయ లేనివాడు, నమ్ముతాడు."

"మా ఆయన మీ ఉప్పు తిన్నాడని ముందు మీ గడప తొక్కానండీ. ఇది ఉంచుకోండి, నా దగ్గర ఇంకోటుంది."

ఆవిడ వెళ్ళిపోయింది.

టాండీ దువ్వెనని సైలస్ ముందుకి విసిరాడు.

"మనవాళ్ళకి చూపించు, కొమ్మంటే ఎలా ఉంటుందో. ఇందులో సగం కుదిరినా సోమవారం మనదే."

సైలస్ సూది కాల్చి గుచ్చాడు.

గదంతా కర్పూరం వాసన.

టాండీ టోపీ కూడా పెట్టుకోకుండా వంతెన మీదికి పరుగెత్తాడు.

అవతల వాకిట్లో గార్నెట్ తన కుర్చీలో ఆవిడని కూర్చోబెట్టాడు. ఒక చేతిలో టోపీ, ఇంకో చేతిలో కాల్చిన సూది.

"రండర్రా," పనివాళ్ళని పిలుస్తున్నాడు, "మనల్నీ ఆ టాండీనీ కలిపి ఓడించిన మనిషి ఈవిడే."