నాలుగో ఎన్నిక

ఓట్ల లెక్కింపు ముగిసిన మర్నాడు రఘుపతి ఇంటి అరుగు ఖాళీగా ఉంది. పదిహేనేళ్లు ఎమ్మెల్యేగా ఉన్న మనిషిని చూడటానికి కేతేపల్లి నుంచి గొర్లు కాసుకునే బక్కమ్మ ఒక్కతే వచ్చింది.

"అవ్వా, నేనోడిపోయిన. ఇగ నీ అర్జీ కొత్తాయనకియ్యి," అన్నాడు.

ఆ అర్జీ మూడు ఎన్నికలుగా ఒకటే. సాయుధ పోరాటం రోజుల్లో రఘుపతి దళంలో చేరిన ఆమె కొడుకు తిరిగి రాలేదు. అతను ఉన్నాడో లేడో తెలియాలి. రఘుపతి ప్రతిసారీ కలెక్టరుకు రాసేవాడు. వివరాలు లేవని జవాబు వచ్చేది.

"ఈసారి అర్జీ పట్టుకరాలే బిడ్డా," బక్కమ్మ గడప పక్కన కూర్చుంది. "కోడలు ఇంకా మట్టెలు తీయలే. పెత్రమాసకు సచ్చినోళ్ల పేర్ల మీద బియ్యమిస్తం. వాని పేర ఇద్దామంటే చెయ్యి రాదు. బతికున్నోనికిస్తే పాపం గద."

"పదవి ఉన్నప్పుడే ఏం చెయ్యలే. ఇప్పుడేం చేస్త?"

"కుర్చీ ఉన్నన్ని దినాలు నువ్వు చెప్పవని నాకెరికే. వానితోని ఆఖరికి ఉన్నది నువ్వే." ఆమె గొంతు పెంచలేదు. "మూడుసార్లు నీకే ఏసిన. ఈసారి మా కురుమోళ్ల ఓటొక్కటి గూడ నీకు పడకుంట ఇల్లిల్లు తిరిగిన. ఇప్పుడన్న చెప్పు. వాడేమైండు?"

రఘుపతి లేచి వచ్చి ఆమె ఎదురుగా నేలమీద కూర్చున్నాడు.

"మేమే కాల్చినమవ్వా," అన్నాడు. "పోలీసులకు మా జాడ చెప్పిండనుకున్నం. చెప్పింది వాడు కాదని, నేను మొదటిసారి గెలిచినంక తెలిసింది."